ఆయాసపు పంపూ, తామర బిళ్ళా

"ఏమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరు అడిగితే బీపీ బిళ్ళ, షుగర్ బిళ్ళ పేర్లు గబగబా చెప్పేస్తాం. చేతిసంచిలో ఉన్న ఆయాసపు పంపు ఊసు మాత్రం ఎత్తం. మింగేది కాదు కదా, మందుల లెక్కలోకి రాదనుకుంటాం.

ఉబ్బసానికి రోజూ పీల్చే పంపుల్లో చాలావాటిలో ఉండేది స్టెరాయిడ్: బుడెసోనైడ్, ఫ్లూటికాసోన్, బెక్లోమెథాసోన్ లాంటివి. ఆ మాట వింటేనే మొహం ఉబ్బుతుందని, ఎముకలు గుల్లబారతాయని జనానికి హడలు. నెలల తరబడి మింగే బిళ్ళల విషయంలో అది నిజమే. పంపులో మోతాదు మైక్రోగ్రాముల్లో, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతుల్లో ఉంటుంది. అసలు కిటుకు మాత్రం కాలేయంలో ఉంది.

పీల్చిన మందులో చాలా భాగం గొంతుకు అంటుకుని కడుపులోకి జారిపోతుంది. పేగుల నుంచి కాలేయానికి చేరగానే సీవైపీ3ఏ4 అనే ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. మింగుడుపడ్డ ఫ్లూటికాసోన్‌లో నూటికి ఒక వంతు కూడా రక్తంలోకి దాటదు. బుడెసోనైడ్ అయితే సుమారు పదో వంతు దాటుతుంది. ఊపిరితిత్తుల గుండా రక్తంలో కలిసినదాన్ని ఖాళీ చేసేదీ ఈ ఎంజైమే.

ఇక తామర సంగతి. మన ఉక్కపోతకు తామర పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. దానికి ఇట్రాకొనజోల్ వారాల తరబడి రాస్తారు. అది ఈ ఎంజైమును పడకేయిస్తుంది. రోజూ పీల్చే కాస్త స్టెరాయిడే విరగక రక్తంలో పేరుకుంటుంది. మొహం గుండ్రమవుతుంది, షుగర్ పెరుగుతుంది. బయటి సరుకు పుష్కలంగా ఉందని మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తమ సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించేస్తాయి. అప్పుడు పంపు ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం. (మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తామర ట్యూబుల్లోనూ చాలాసార్లు స్టెరాయిడే కలిసి ఉంటుంది. అదో అదనపు ఖాతా.) హెచ్ఐవీ మందుల్లో వచ్చే రిటోనవిర్‌దీ ఇదే తీరు. అలాంటివారికి ఈ ఎంజైము మీద అంతగా ఆధారపడని బెక్లోమెథాసోన్ వైపు డాక్టర్లు మొగ్గు చూపుతారు.

షుగర్ ఉన్నవాళ్ళకు మామూలు మోతాదు పంపుతో పెద్ద తేడా రాదు. మోతాదు పెంచినప్పుడు కొన్ని వారాలు గమనించుకుంటే చాలు. గర్భిణులు భయపడి పంపు మానేయడమే అసలు ప్రమాదం: తల్లికి ఊపిరాడకపోతే బిడ్డకూ ఆక్సిజన్ తగ్గుతుంది. పొగతో దెబ్బతిన్న ఊపిరితిత్తుల జబ్బు, సీఓపీడీ, లెక్క వేరు. 2007లో వెలువడిన టార్చ్ అధ్యయనంలో ఫ్లూటికాసోన్ పీల్చినవారికి న్యుమోనియా ఎక్కువగా వచ్చింది. పాత టీబీ ఉంటే అదీ చెప్పాలి. నీటికాసుల రోగులకు చిత్రమైన చిక్కొకటి ఉంది: కంట్లో వేసుకునే టిమొలాల్ చుక్కలే ఉబ్బసం రేపగలవు.

పంపు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయమనేది నోట్లో తెల్లపూత రాకుండా. ఆ నీళ్ళు మింగేస్తే కాలేయానికి ఆ మేర పని పెంచినట్టే. పంపుకు స్పేసర్ (నోటికీ పంపుకూ మధ్య పెట్టే గొట్టం లాంటి డబ్బా) తగిలిస్తే గొంతులో అంటుకునేదే తగ్గుతుంది.

తామరకు వెళ్ళినప్పుడు పంపు తీసి డాక్టరు బల్ల మీద పెట్టండి. ఈ ఎంజైము జోలికి పోని టెర్బినాఫిన్ లాంటిది కుదురుతుందేమో ఆయన చూస్తారు.