ప్లేట్‌లెట్ల కౌంటు బాగుంటే చాలా?

వానలు పడి జ్వరాలు ముదిరాయంటే ఒంగోలులోని మా ల్యాబు కిటికీ దగ్గర వినిపించే మొదటి ప్రశ్న, "సార్, కణాలు ఎన్ని ఉన్నాయి?" అన్నదే. ఇంట్లో ఒకరికి డెంగీ వచ్చి వెళ్లినవారికి ఆ అంకె తప్ప మరేదీ కనిపించదు, ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ కౌంటు ఆ కణాలు, అంటే రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు, ఎన్ని ఉన్నాయో చెబుతుందే గాని, అవి ఎంత రెచ్చిపోయి ఉన్నాయో చెప్పదు.

అపోహ: కౌంటు లక్షన్నర దాటి ఉంటే గడ్డల భయం లేదు, జ్వరం తగ్గేదాకా గడ్డలు కట్టకుండా వేసుకునే గుండె మాత్రలు ఆపుకోవచ్చు.

వాస్తవం: ఇంత నష్టం చేసే అపోహ మరొకటి లేదు. ఆరోగ్యంగా ఉన్న రక్తనాళపు లోపొర నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ అనే రసాయనాలను విడుదల చేస్తూ ప్లేట్‌లెట్లను శాంతంగా ఉంచుతుంది. ఇన్‌ఫెక్షన్ వల్ల ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) రేగినప్పుడు ఇంటర్‌ల్యూకిన్లు, టీఎన్ఎఫ్ అనే సంకేత ప్రొటీన్లు ఆ పొరను దెబ్బతీస్తాయి. మోనోసైట్లనే తెల్లకణాల మీద టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ పైకి వచ్చి, రక్తాన్ని గడ్డకట్టించే థ్రాంబిన్ తయారవుతుంది. థ్రాంబిన్ తగిలిన ప్లేట్‌లెట్ తన చదునైన ఆకారం విడిచి ముళ్లు లేపుకొని, థ్రాంబాక్సేన్, ఏడీపీ అనే రసాయనాలను వెదజల్లి పక్కవాటిని కూడా లేపుతుంది. దాని పైకి తేలిన పీ-సెలెక్టిన్ అనే అంటుకునే ప్రొటీన్ న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను పట్టుకుంటుంది, అవి విసిరే డీఎన్ఏ వలలో మరిన్ని ప్లేట్‌లెట్లు చిక్కుకుంటాయి. పైగా ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయంలో ప్లేట్‌లెట్ల తయారీని పెంచే థ్రాంబోపాయిటిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది కాబట్టి న్యుమోనియా తరువాత కౌంటు పెరగడమూ మామూలే. మనవాళ్లు దానినే శుభవార్తగా పంచుకుంటారు.

టంగుటూరు వైపు పొగాకు రైతు ఒకాయన, గుండె రక్తనాళంలో స్టెంటు (నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం) వేయించుకున్న నాలుగో నెలలో న్యుమోనియాతో వచ్చారు. కౌంటు 2,60,000 ఉంది. కణాలు దండిగా ఉన్నాయి కదా, జ్వరంలో ఆ మాత్రలు వేడి చేస్తాయని ఎవరో చెబితే నమ్మి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ మానేశారు. తొమ్మిదో రోజు స్టెంటులోనే గడ్డ కట్టింది. ప్రాణం దక్కింది గాని గుండె బాగా బలహీనపడింది. ఆ రిపోర్టు మీద సంతకం నాదే. చెప్పవలసిన ఒక్క మాట చెప్పకుండా కాగితం చేతికిచ్చి పంపానే అన్న బాధ నాకు నేటికీ ఉంది.

ఫ్లూ నిర్ధారణ అయిన తొలి 7 రోజుల్లో గుండెపోటు ముప్పు సుమారు ఆరు రెట్లు ఉంటుందని కెనడాలోని ఒంటారియో పరిశోధకులు 2018లో చూపారు. డెంగీలో కౌంటు బాగా పడిపోతే గుండె డాక్టరే మాత్రలు ఆపించవచ్చు, అయితే ఆ నిర్ణయం ఆయనది, రిపోర్టు చదివిన బంధువులది కాదు.

అపోహ: ఒళ్లునొప్పులకు ఏ నొప్పిమాత్ర అయినా ఒకటే.

వాస్తవం: ఆస్పిరిన్ పనిచేయవలసిన చోటనే ఐబూప్రోఫెన్ ముందుగా కూర్చుంటే ఆస్పిరిన్‌కు చోటు దొరకదు. అడగకుండా వేసుకోవద్దు.

అపోహ: కౌంటు తక్కువ వచ్చిందంటే ప్లేట్‌లెట్లు నిజంగా తగ్గినట్టే.

వాస్తవం: కొందరి రక్తంలో ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనం) ఉన్న గొట్టంలోనే ప్లేట్‌లెట్లు గుంపుకట్టి, యంత్రానికి తక్కువగా కనిపిస్తాయి. స్లైడు మీద ఆ ఊదారంగు గుంపులు కనిపించిన రోజున సిట్రేట్ అనే వేరే రసాయనం ఉన్న గొట్టంలో మళ్లీ రక్తం తీయిస్తాను, దానికి విసుక్కోవద్దు.