బండానా ఎరుపు వెనక ఆముదం

ఒడిశాలోని జయపురం, కొరాపుట్, సునాబెడా బజార్లలో సెల్‌ఫోన్ కవర్లు, చలువ కళ్ళద్దాలు అమ్మే బళ్ళ మీద ఎర్ర బండానాలు వేలాడుతుంటాయి. చదరపు గుడ్డ, ఎరుపు మీద తెల్ల చుక్కలు, మూలల్లో మామిడి పిందెలు. సాలూరు ఘాట్‌లో బైకు మీద వెళ్ళే కుర్రాళ్ళు దుమ్ము కోసం ముక్కుకు కట్టుకునేది అదే. కౌబాయ్ వేషం అని ఇంట్లో పెద్దవాళ్ళు విసుక్కుంటారు. ఆ వేషం మాటెలా ఉన్నా, గుడ్డ మాత్రం మన దేశం నుంచి వెళ్ళిందే.

బెంగాల్‌లో కాశింబజార్ చుట్టుపక్కల నేసిన పట్టు రుమాళ్ళను ఈస్టిండియా కంపెనీ ఓడలకెక్కించేది. గుడ్డను చుక్క చుక్కకీ దారంతో బిగించి రంగులో ముంచితే కట్టు కింద తెలుపు మిగిలిపోతుంది. బండానా అన్న పేరూ ఆ కట్టడంలోంచి పుట్టిందే. ఇంగ్లండు దొరలు వాటిని ఎగబడి కొనడానికి అసలు కారణం కాస్త నవ్వొచ్చేదే: నస్యం. పొడుం పీల్చి ముక్కు తుడుచుకుంటే తెల్ల రుమాలు పరువు తీస్తుంది, ముదురు రంగు చుక్కల రుమాలు మరకను దాచేస్తుంది. అక్కడి నేతగాళ్ళ గొడవ పడలేక 1700లో పార్లమెంటు చట్టం చేసి బెంగాల్ పట్టునీ, అద్దకం బట్టలనీ దేశంలో వాడకుండా నిషేధించింది. వేరే దేశాలకు పంపడానికైతే దిగుమతి చేసుకోవచ్చంది. అలా బయటికి పంపిన సరుకే దొంగదారిన మళ్ళీ లోపలికొచ్చేది.

నూలు రుమాళ్ళ సంగతి వేరు. అవి మన కోరమాండల్ తీరానివి. మచిలీపట్నం, పులికాట్ పేర్లతోనే విదేశాల్లో అమ్ముడయ్యేవి. ఒకే తానులో వరుసగా నేసి, ఎవరికి కావాల్సినన్ని వాళ్ళు కత్తిరించుకునేవారు. చీరాల తేలియా రుమాలులో గుడ్డను కాదు, నేయకముందే నూలును కట్టి రంగు వేస్తారు. అరబ్బు రేవులకు, తూర్పు ఆఫ్రికాకు వెళ్ళిన ఆ రుమాళ్ళను అక్కడివాళ్ళు తలకు చుట్టుకునేవారు.

అసలు చిక్కంతా ఎరుపుతోనే. పట్టు రంగును ఇట్టే పట్టేస్తుంది, నూలు పట్టదు. పట్టినా నాలుగు ఉతుకులకే వెలిసిపోతుంది. దీనికి మనవాళ్ళు కనిపెట్టిన ఉపాయం నూనె, బూడిద, పేడ. నూనె, బూడిద నీళ్ళు కలిపిన దాంట్లో నూలును నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ నానబెడతారు. ఆ జిడ్డు పోగులో ఇంకి, చిరివేరులోని ఎర్ర రంగును వదలకుండా పట్టుకుంటుంది. తేలియా రుమాలుకు ఆ పేరూ, ఆ వాసనా నూనెవల్లే. టర్కీ, గ్రీసు వైపు అద్దకంవాళ్ళు కూడా మంజిష్ఠ జాతి వేరుతో ఇదే పద్ధతి నడిపేవారు. 1740ల్లో ఫ్రాన్సువాళ్ళు ఆ విద్య తెలిసిన గ్రీకు పనివాళ్ళను రప్పించుకున్నారు. 1785లో అది గ్లాస్గో చేరింది. అక్కడ హెన్రీ మాంటీత్ కంపెనీ చుక్కలు కట్టే పనే లేకుండా చేసింది. ఎర్రగా అద్దిన గుడ్డలను దొంతరగా పేర్చి, చిల్లులు పెట్టిన సీసపు పలకల మధ్య నొక్కి, బ్లీచింగ్ ద్రావణం పోస్తే ఒక్కసారే డజను గుడ్డల మీద తెల్ల చుక్కలు తేలేవి. వేళ్ళతో రోజుల తరబడి చేసే పని నిమిషాల్లో అయిపోయింది. బండానా అంటే ఎర్ర నూలు గుడ్డే అన్న లెక్క అప్పటినుంచి స్థిరపడింది.

అదే నూనె విద్య జయపురం నుంచి జగదల్‌పూర్ వెళ్ళే దారిలో కోట్‌పాడ్‌లో ఇంకా బతికుంది. అక్కడి మిర్గాన్ నేతగాళ్ళు నూలును ఆముదం, పేడ, బూడిదతో వారాల తరబడి శుద్ధి చేసి, ఆల్ చెట్టు వేరుతో ఎరుపెక్కిస్తారు. అది మన తొగరు చెట్టే. 2005లో దీనికి జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదేనన్న ముద్ర, వచ్చింది. కోట్‌పాడ్ గుడ్డ ఇంగ్లండుకు వెళ్ళిందని నేననడం లేదు, అది చుట్టుపక్కల గిరిజనులు కట్టుకోవడానికి నేసింది. కానీ జయపురం బజారులో బండానా కొనే కుర్రాడికి ఆ ఎరుపు పుట్టే తీరు చూడాలనుంటే గంటా గంటన్నర బస్సు ప్రయాణం చాలు.

అమెరికా కథ అందరికీ తెలిసిందే. పశువుల వెంట దుమ్ములో తిరిగేవాళ్ళు మూతికి కట్టారు. 1921లో వెస్ట్ వర్జీనియా బొగ్గు గని కార్మికులు బ్లెయిర్ కొండ దగ్గర తిరగబడ్డప్పుడు ఎవరు తమవాళ్ళో తెలియడానికి ఎర్ర గుడ్డ మెడకు చుట్టుకున్నారు.

ఇక వాడకం అంటారా, మన తుండుగుడ్డ, ఒడియావాళ్ళ గాముచా చేయని పని బండానా ఏదీ చేయదు. తలకు చుట్టు, బరువు కింద చుట్టకుదురు, భుజాన తువ్వాలు, సంతలో మూట. 2020 ఏప్రిల్‌లో కరోనా టెన్షన్‌లో ముక్కూ నోరూ కప్పుకోమన్నప్పుడు ముందుగా చేతికందింది ఆ తుండే. బండానా చిన్నది కాబట్టి హెల్మెట్ కింద చెమట పీల్చడానికి మాత్రం తుండు కంటే నయం.

కొనేటప్పుడు తిరగేసి చూడండి. వెనక వైపు బొమ్మ పాలిపోయి ఉంటే అది అచ్చు వేసింది. నూలుకే రంగేసి నేసిన దానికి రెండు వైపులా ఒకటే రంగు. బండి మీద దొరికేది దాదాపు అంతా అచ్చుదే, మొదటిసారి విడిగా ఉతకండి.