మధ్యయుగపు యూదులు: క్లాసులో రోజూ వినే అపోహలు

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఈ పాఠం వచ్చిందంటే క్లాసు రెండు జట్లవుతుంది. ముస్లిం రాజులు బాగా చూసుకున్నారు, క్రైస్తవులే తరిమారని ఒక జట్టు. సరిగ్గా దానికి తిరగేసి ఇంకో జట్టు. ఇద్దరూ రాజుగారి మతం చూస్తారు, ఖజానా వైపు చూడరు.

అపోహ: ముస్లిం స్పెయిన్‌లో యూదులది స్వర్ణయుగం.

వాస్తవం: కొంతకాలం, కొందరికి. గ్రనడాలో శామ్యూల్ హనగీద్ అనే యూదు కవి వజీరు అయ్యాడు. 1056లో ఆయన పోయాక కొడుకు జోసెఫ్ ఆ పదవిలోకి వచ్చాడు. 1066 డిసెంబరులో జనం రాజభవనంలోకి చొరబడి జోసెఫ్‌ను చంపారు, ఊళ్లో యూదులను ఊచకోత కోశారు. తర్వాతి శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా నుంచి అల్మొహాద్‌లు అనే ముస్లిం పాలకులు వచ్చి మతం మారమన్నారు. కోర్డోబాలో పుట్టిన యూదు తత్వవేత్త మైమొనిడీస్ కుటుంబం ఊరు విడిచింది. అయితే ఆయన చివరికి స్థిరపడింది ముస్లిం పాలనలోని ఈజిప్టులోనే, అదీ సుల్తాను సలాదీన్ దర్బారు వైద్యుడిగా. దీన్ని ఏ జట్టు ఖాతాలో రాయాలి?

అపోహ: జిజియా (ముస్లిం రాజ్యంలో ముస్లిమేతరులు కట్టే పన్ను) కట్టేస్తే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: ఉన్నవాడికి లేదు. పాత కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనా మందిరంలో ఒక గది ఉండేది. దేవుడి పేరున్న కాగితం పారేయకూడదని అన్నీ అందులో పడేసేవారు. అక్కడ దొరికిన లక్షల ముక్కల్లో జిజియా కట్టలేని పేదల మొరలున్నాయి. రశీదు లేకపోతే ఊరు దాటడమూ కష్టమే. మంగళూరులో కంచు సామాన్ల పని నడిపిన యూదు వర్తకుడు బెన్ యిజు ఉత్తరాలు దొరికిందీ ఆ కుప్పలోనే!

అపోహ: ఇంగ్లండులో దాడులకు కారణం ఒక్క మతపిచ్చే.

వాస్తవం: మతపిచ్చి ఉంది, కాదనను. కానీ 1190 మార్చిలో యార్క్‌లో ఏం జరిగిందో చూడండి. కోట బురుజులో తలదాచుకున్న యూదుల్లో చాలామంది గుంపు చేతికి చిక్కడం కన్నా చావే మేలనుకుని తమవాళ్లను తామే చంపుకున్నారు. బాప్టిజం తీసుకుంటామని దిగివచ్చినవాళ్లనూ గుంపు చంపేసింది. ఆ తర్వాత నేరుగా పెద్ద చర్చికి వెళ్లి, అక్కడ దాచిన, యూదులిచ్చిన అప్పుల పత్రాలు తీయించి తగలబెట్టింది. ముందుండి నడిపినవాళ్లలో యూదులకు బాకీపడ్డ దొరలున్నారు మరి.

యూదుల మీద ఇష్టమొచ్చినంత పన్ను వేసే రాజుకు ఆ కాగితాలు కాలడమంటే సొంత ఆస్తి కాలినట్టే. 1194లో కొత్త ఏర్పాటు చేశారు: ప్రతి అప్పు పత్రానికి రెండో ప్రతి, దాన్ని దాచడానికి మూడు తాళాల పెట్టె. ఒక తాళంచెవి యూదుల దగ్గర, ఒకటి క్రైస్తవుల దగ్గర, మూడోది రాజోద్యోగుల దగ్గర. యూదులను పిండడానికి ఇక ఏమీ మిగలని రోజుల్లో, 1290లో, మొదటి ఎడ్వర్డ్ వాళ్లను దేశం నుంచే వెళ్లగొట్టాడు.

అపోహ: బట్టల మీద గుర్తు హిట్లర్ ఆలోచన.

వాస్తవం: చాలా పాతది. 850లో ఖలీఫా అల్-ముతవక్కిల్ యూదులూ క్రైస్తవులూ తేనెరంగు బట్టలు వేసుకోవాలన్నాడు. 1215లో రోమ్‌లో జరిగిన చర్చి మహాసభ యూదులు, ముస్లింలు వేరుగా కనబడే దుస్తులు వేసుకోవాలంది. 1218లో ఇంగ్లండు దాన్ని అమలు చేసింది. డబ్బు కట్టినవాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది.