పిల్లల నవల తెరకెక్కేటప్పుడు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పిల్లల కథలను, నవలలను కుటుంబ సమేతంగా చూసే సినిమాలకు స్క్రీన్‌ప్లేగా మలచడం నా వృత్తి. కథా చర్చలకు కూర్చున్న ప్రతిసారీ ఎవరో ఒకరి నోట కొన్ని స్థిరమైన నమ్మకాలు వినిపిస్తూ ఉంటాయి. వాటిలో కొన్నింటిని ఇక్కడ ఒకే కథ ఆధారంగా పరిశీలిస్తాను. అది తెలుగువారికి కొత్త కథ కాదు. విడిపోయిన అమ్మానాన్నలను కలపడానికి కవల ఆడపిల్లలు ఒకరి స్థానంలోకి మరొకరు వెళ్లే ఈ కథను మనం 1966లో ఏవీఎం వారి ‘లేత మనసులు’గా చూశాం. కృష్ణన్-పంజు దర్శకత్వంలో హరనాథ్, జమున తల్లిదండ్రులుగా, కుట్టి పద్మిని ఇద్దరు పిల్లలుగా నటించిన ఆ చిత్రానికి ముందు 1965లో దాని తమిళ రూపం, అంతకుముందు 1961లో డిస్నీ సంస్థ తీసిన ‘ది పేరెంట్ ట్రాప్’ వచ్చాయి. వీటన్నిటికీ మూలం జర్మన్ రచయిత ఎరిక్ కెస్ట్‌నర్ 1949లో ప్రచురించిన పిల్లల నవల.

అపోహ: నవల ఎప్పుడూ ముందు పుడుతుంది, సినిమా దాని నీడగా వస్తుంది.

వాస్తవం: ఈ కథ విషయంలోనే అది నిజం కాదు. 1933లో బెర్లిన్‌లో నాజీలు తగలబెట్టిన పుస్తకాలలో కెస్ట్‌నర్ రచనలు కూడా ఉన్నాయి, ఆ మంటల్ని ఆయన స్వయంగా నిలబడి చూశారు. రచనపై నిషేధం ఉన్న ఆయనకు 1942లో కొద్దికాలం పాటు మారుపేరుతో సినిమాకు రాసే అవకాశం దొరికినప్పుడు, ఈ కవలల ఆలోచనను ముందుగా సినిమా కథగానే తయారు చేసుకున్నారు. నిషేధం మళ్లీ బిగుసుకోవడంతో అది తెరకెక్కలేదు. యుద్ధం ముగిశాక అదే కథను నవలగా రాశారు, 1950లో యోసెఫ్ ఫాన్ బాకీ దర్శకత్వంలో వచ్చిన చిత్రానికి స్క్రీన్‌ప్లే కూడా తానే సమకూర్చారు. జుట్టు తీరు మార్చుకుంటే చాలు, ఒకరు మరొకరైపోతారన్న అంశం కథకు కీలకం కావడంలో నాకు సినిమా రచయిత చూపే కనిపిస్తుంది. జడలు వేసుకునే లోటె, ఉంగరాల జుట్టు వదిలేసే లూయిసె అద్దం ముందు తలకట్టు మార్చుకోవడమనేది వాక్యంలో కన్నా తెరమీద ఎక్కువ పండే ఘట్టం.

అపోహ: పిల్లలు చూసే సినిమాలో విడాకుల వంటి విషయాలు ఉండకూడదు.

వాస్తవం: ఈ అభ్యంతరాన్ని కెస్ట్‌నర్ తన నవలలోనే ఎదుర్కొన్నారు. కథను కాసేపు ఆపి, పిల్లవాడి భుజం మీదుగా పుస్తకంలోకి తొంగిచూసే పెద్దవారితో ఆయన నేరుగా మాట్లాడతారు. లోకంలో విడిపోయిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారనీ, ఆ కారణంగా బాధపడే పిల్లలు ఎందరో ఉన్నారనీ, తల్లిదండ్రులు విడిపోనందువల్ల బాధపడే పిల్లలు కూడా ఎందరో ఉన్నారనీ చెబుతారు. పిల్లల చేత ఆ బాధను అనుభవింపజేస్తూ దాన్ని గురించి వారితో మాట్లాడకపోవడం సరికాదన్నది ఆయన వాదన. తండ్రి మరో స్త్రీని పెళ్లి చేసుకోబోతున్నాడని తెలిసిన లోటె ఆమె ఇంటికి ఒంటరిగా వెళ్లి ఆ పెళ్లి జరగకూడదని చెప్పి, తిరిగివచ్చి జ్వరంతో మంచం పడుతుంది. ఈ భాగాన్ని తొలగించి మిగిలిన అల్లరిని మాత్రమే ఉంచుకుంటే, ఆ అల్లరికి కారణమే లేకుండా పోతుంది. దుఃఖాన్ని పిల్లల కంటికి అందే ఎత్తులో చూపడం మన పని, దాచిపెట్టడం కాదు.

అపోహ: నవలలోని సంఘటనలను మార్చడం మూలానికి ద్రోహం.

వాస్తవం: నవలలో తల్లి మ్యూనిక్‌లో పత్రికా కార్యాలయంలో ఉద్యోగం చేస్తుంది, తండ్రి వియన్నాలో సంగీతకారుడు, పిల్లలు వేసవి విడిదిలో కలుస్తారు. 1966 నాటి తెలుగు ప్రేక్షకులకు వీటిలో ఏదీ సొంత అనుభవం కాదు. హిందూ వివాహ చట్టం 1955లోనే విడాకులకు అవకాశం కల్పించినా, కోర్టు కాగితంతో విడిపోయిన దంపతులను చూసినవారు అప్పటికి బహు తక్కువ. అందుకే మన చిత్రంలో కలహానికి మూలం ధనవంతురాలైన అత్తగారి అహంకారం, ఇల్లరికపు అల్లుడి ఆత్మగౌరవం. ఇల్లరికం అన్న ఒక్క మాటతో మన ప్రేక్షకుడికి భర్త ఎందుకు గడప దాటాడో, భార్య ఎందుకు వెంట వెళ్లలేకపోయిందో విడమరిచి చెప్పనక్కరలేకుండా తెలిసిపోతుంది. కోడి ఒకచోట, పుంజు మరొకచోట ఉంటే మధ్యలో తల్లడిల్లే పిల్లల మీద రాసిన పాటను నేను ఈనాటికీ గొప్ప అనుసరణగా భావిస్తాను. నవలలో అటువంటి పోలిక లేదు, కానీ నవల నిలబడిన చోటే ఆ పాట కూడా నిలబడింది: తగాదాలో తప్పు ఎవరిదో తేల్చకుండా, పిల్లలు నిలుచున్న చోటి నుంచి చూసింది. ఆ స్థానాన్ని వదిలి పెద్దల తగాదాలో తీర్పరిగా మారిన స్క్రీన్‌ప్లే ప్రతి సంఘటననూ యథాతథంగా ఉంచినా మూలాన్ని పోగొట్టుకున్నట్టే.

అపోహ: నవలలోని సంభాషణలను తీసుకుని సీన్లుగా విడగొడితే పని పూర్తవుతుంది.

వాస్తవం: విడిదిలో తొలి రాత్రి లోటె పక్కమీద నిశ్శబ్దంగా ఏడుస్తూ ఉంటుంది. పగలంతా తన పోలికతో వచ్చిందని ఆమె మీద కోపగించుకున్న లూయిసె పక్క మంచం మీద ఉంటుంది. చీకట్లో ఒక చిన్న చేయి తడబడుతూ వచ్చి లోటె జుట్టును నిమురుతుంది. ఒక్క మాట కూడా లేని ఆ ఘట్టమే కథను మలుపు తిప్పుతుంది. నేను నవలను మొదటిసారి చదివేటప్పుడు ఇటువంటి మౌనాల పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకుంటాను, సంభాషణల సంగతి రెండో పఠనంలో చూస్తాను.

అపోహ: పిల్లల సినిమాకు సాంకేతిక శ్రమ తక్కువ.

వాస్తవం: 1950 నాటి జర్మన్ చిత్రంలో నిజమైన కవలలే నటించారు. 1961లో హేలీ మిల్స్ ఒక్కరే రెండు పాత్రలూ ధరించారు. ఫిల్ము రోజుల్లో ఇటువంటి మాస్క్ షాట్ కోసం కెమెరాను కదలకుండా బిగించి, లెన్సు ముందు సగభాగాన్ని నల్లగా మూసి ఒక పాత్రను తీసి, ఫిల్మును అంతే మేర వెనక్కి తిప్పి, మూసిన సగాన్ని తెరిచి రెండో పాత్రను తీసేవారు. నేడు ఆ రెండు సగాలనూ కంప్యూటర్‌లో అతికిస్తున్నాం, కానీ నటించే బిడ్డకు ఎదురుగా ఉండే శూన్యం మాత్రం మారలేదు. నేను రాసిన ఒక చిత్రంలో తొమ్మిదేళ్ల అమ్మాయి కవలలుగా నటించినప్పుడు, అక్క మాటలను అందించడానికి సహాయ దర్శకుడు ఎదురుగా నిలబడ్డాడు. ఆయన పొడగరి కావడంతో అమ్మాయి చూపు పైకి వెళ్లింది, రెండు సగాలను కలిపి చూస్తే అక్కచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకోవడం లేదు. మరునాడు లైటు స్టాండుకు ఆ అమ్మాయి కళ్ల ఎత్తులో ఆమె రిబ్బన్‌నే కట్టి, దానితో మాట్లాడమన్నాం. చూపు కుదిరింది, కానీ రిబ్బన్‌తో అంతసేపు మాట్లాడటం ఆమెకు కష్టమైంది. నేను రాసిన పన్నెండు మాటలను అక్కడికక్కడే నాలుగుకు తగ్గించి, చివరి మాట బదులు చేయి చాచమన్నాను.