పోలియో వార్డులో కుదిరిన చెయ్యి, సీపీ పిల్లల కాళ్లు

సెరిబ్రల్ పాల్సీ (సీపీ, పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు గాడి తప్పే జబ్బు) పిల్లల తల్లిదండ్రులు హైదరాబాద్ ఆస్పత్రుల్లో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "చిన్నప్పుడు మడమ నరం కోశారు డాక్టర్ గారూ, మునివేళ్ల నడక పోయింది. మరిప్పుడు మోకాళ్లు వంగిపోతున్నాయేంటి?" దీనికి సగం జవాబే ఆ పిల్లాడి కేసు షీటులో దొరుకుతుంది. మిగతా సగం ఈ సర్జరీ మన దగ్గర పెరిగిన తీరులో ఉంది.

ఒకప్పుడు మన దేశంలో పిల్లల ఆర్థోపెడిక్స్ అంటే చాలావరకు పోలియోనే. ఉస్మానియా, గాంధీ, పంజగుట్టలో నిజాం ట్రస్టు కట్టించిన నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్ (నేటి నిమ్స్) కాలం నాటి సర్జన్ల చెయ్యి ఆ కాళ్ల మీదే కుదిరింది. పోలియో దెబ్బ వెన్నుపాములోని కణాలకు తగులుతుంది, అక్కడితో ఆగుతుంది. ఏ కండరం పోయిందో ఏది మిగిలిందో 0 నుంచి 5 దాకా మార్కులు వేసి రాసుకోవచ్చు. మిగిలిన బలమైన కండరం స్నాయువును (కండరాన్ని ఎముకకు కలిపే తాడును) తెచ్చి చచ్చుబడిన చోట కుడితే, మెదడు బాగానే ఉంది కాబట్టి, అది కొత్త పని నేర్చుకుంటుంది.

1995లో పల్స్ పోలియో మొదలైంది. 2011 జనవరిలో హౌరాలో బయటపడినదే దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు. 2014 మార్చిలో మనకు పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. ఓపీ బెంచీలు మాత్రం ఖాళీ కాలేదు. నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో బతికి బయటపడ్డవాళ్లు, పుట్టగానే ఏడవనివాళ్లు, పసికామెర్లు ముదిరి మెదడుకెక్కినవాళ్లు వచ్చి కూర్చున్నారు. కాలిపర్ (కాలికి కట్టే ఊత) చేసే కార్ఖానా అదే, కత్తి పట్టే చెయ్యి అదే. జబ్బు మాత్రం పూర్తిగా వేరు. సీపీలో కండరం చావదు. మెదడు ఆజ్ఞ గతి తప్పడంతో వేళ కాని వేళ బిగుస్తుంది, బిగుస్తూనే బలహీనంగా కూడా ఉంటుంది. పోలియోలో బాగా పనిచేసిన పద్ధతి, అంటే పిక్క లోతున ఉండే టిబియాలిస్ పోస్టీరియర్ కండరం స్నాయువును మొత్తంగా పాదం పైకి మళ్లించడం, ఇక్కడ చేస్తే పాదం రెండో వైపుకు ఒరిగిపోవచ్చు. అందుకే దాన్ని నిలువునా చీల్చి సగమే మళ్లించే పద్ధతి వచ్చింది.

మడమ స్నాయువు (తల్లిదండ్రులు మడమ నరం అనేది దీన్నే) కోత ఇంకా పాతది. లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్‌కు పాదం వంకర ఉండేది. 1836లో జర్మనీలో స్ట్రోమేయర్ అనే సర్జన్ దగ్గర స్నాయువు కోయించుకున్నాడు, అప్పటికింకా మత్తుమందే లేదు. కష్టమైన కాన్పుకూ పిల్లల కాళ్ల బిగుతుకూ (ఇప్పుడు సీపీ అంటున్నది దీన్నే) సంబంధం ఉందని 1861లో ప్రసంగించిందీ ఆయనే. అలా ఈ జబ్బు మొదటి నుంచీ కోతతోనే పరిచయమైంది.

చిక్కంతా పిక్కలోనే ఉంది. అక్కడ పైన గాస్ట్రోక్నీమియస్, కింద సోలియస్ అని రెండు కండరాలు, రెండూ కలిసి మడమ స్నాయువు అవుతాయి. గాస్ట్రోక్నీమియస్ మోకాలి పైనుంచి మొదలవుతుంది, సోలియస్ మోకాలి కింద నుంచి. మోకాలు చాపి ఉన్నప్పుడు పాదం పైకి రాకుండా, వంచితే వస్తే, పొట్టిబడింది గాస్ట్రోక్నీమియసే. రెండు కాళ్లూ బిగిసిన డైప్లీజియా పిల్లల్లో చాలామందిది ఇదే కథ. పాదం మోపినప్పుడు ముంగాలు (మోకాలికీ మడమకూ మధ్య భాగం) ముందుకు కూలకుండా పట్టి ఉంచేది సోలియస్. మడమ దగ్గర మొత్తం స్నాయువును సాగదీస్తే ఆ పట్టు పోతుంది. అప్పుడు ముంగాలు ముందుకు వాలుతుంది, మోకాలు, తుంటి వంగుతాయి. 6 ఏళ్లప్పుడు పాదం నేలకు ఆనిందని సంబరపడ్డ ఇంట్లో, బరువు పెరిగిన 13 ఏళ్ల పిల్లాడు మోకాలి నొప్పితో కూర్చుండిపోతాడు. దీన్ని సరిచేయడం మొదటి సర్జరీ కంటే చాలా కష్టం. ఒక పక్కే పడిన హెమిప్లీజియాలో మాత్రం రెండు కండరాలూ పొట్టిబడటం మామూలే కాబట్టి మడమ కోత అక్కడ ఇప్పటికీ న్యాయమే.

ఇంకో పాత అలవాటు ఏడాదికో ఆపరేషన్: ఒకసారి మడమ, మరోసారి మోకాలి వెనక, ఆ తర్వాత తొడ లోపలి వైపు. కెనడా సర్జన్ మెర్సర్ రాంగ్ దీన్ని బర్త్‌డే సిండ్రోమ్ అని ఎగతాళి చేశాడు, పిల్లాడి పుట్టినరోజులన్నీ ఆస్పత్రిలోనే అని. దానికి బదులుగా వచ్చింది ఒకే మత్తులో అన్ని స్థాయులూ సరిచేసే సర్జరీ. నడక తీరు ఒక కుదురుకు వచ్చాక, సాధారణంగా 6 నుంచి 12 ఏళ్ల మధ్య, మెలితిరిగిన తొడ ఎముకను కోసి సరైన దిశలో ప్లేటు వేయడం, మోకాలి వెనక లోపలివైపు కండరాలను మాత్రమే సడలించడం (బయటివీ కోస్తే మోకాలు వెనక్కి విరుచుకుంటుంది), గాస్ట్రోక్నీమియస్ సడలింపు, పాదం ఎముకలు సరిచేయడం, అన్నీ ఒకేసారి. ఏది చేయాలో తేల్చడానికి గెయిట్ ల్యాబ్ (నడకను కెమెరాలతో కొలిచే చోటు) ఉంటే మంచిదే. లేకపోతే పిల్లాడికి నిక్కరు వేసి, చెప్పుల్లేకుండా, ఎదురు నుంచీ పక్క నుంచీ తీసిన స్లో మోషన్ ఫోన్ వీడియో చాలా చెబుతుంది. మంచం మీద పడుకోబెట్టి చేసే పరీక్ష ఒక్కటే నమ్ముకుంటే పొరపాటు ఖాయం.

నడకతో పాటు సర్జన్ కాపాడాల్సింది తుంటి. 1997లో పాలిసానో అనే పరిశోధకుడి బృందం సీపీ పిల్లల్ని కదలగలిగే శక్తిని బట్టి 5 స్థాయులుగా విభజించింది: 1 అంటే పరిగెత్తగలిగేవాళ్లు, 5 అంటే తల నిలపడమూ కష్టమైనవాళ్లు. మెల్‌బోర్న్ పరిశోధకులు 2006లో చూపిన లెక్క ప్రకారం తుంటి జారడం 1వ స్థాయిలో దాదాపు లేదు, 5లో 90 శాతం. మొదట్లో నొప్పి ఉండదు, కాబట్టి ఎవరూ అడగరు. 3 నుంచి 5 స్థాయుల పిల్లలకు 2 ఏళ్లలోపే మొదలుపెట్టి 6 నుంచి 12 నెలలకోసారి ఎక్స్‌రే తీయాలి. మోకాలి చిప్పలు పైకి చూసేలా పడుకోబెట్టాలి, నడుము వంపు పోయేలా కాళ్ల కింద దిండు పెట్టాలి, లేకపోతే తుంటి ఎంత జారిందో చెప్పే అంకె తప్పు వస్తుంది. తొడ ఎముక తల 30 శాతం తుంటి గిన్నె బయటికొస్తే అప్రమత్తం కావాలి. 40 దాటితే తొడ కండరాల సడలింపుతో సరిపోదు, ఎముక కోయాల్సి రావచ్చు. స్వీడన్ 1994 నుంచి ఈ నిఘాను రిజిస్టరుగా నడుపుతోంది. మన దగ్గర ఫిజియోథెరపిస్టు అడిగితేనే ఎక్స్‌రే.

ఈ పనికి వచ్చేవాళ్లు తక్కువ. ఎంబీబీఎస్, 3 ఏళ్ల ఎంఎస్ ఆర్థో, ఆపైన ఫెలోషిప్. ఎంఎస్‌లో చేతికొచ్చేదంతా ప్రమాదాల విరుగుళ్లే. బయటికొస్తే నగరం నిండా మోకీలు మార్పిడి హోర్డింగులు. సీపీ కేసులో ఒక్క కన్సల్టేషన్‌కే ముప్పావుగంట పడుతుంది, ఫీజు మాత్రం అదే. పైగా ఫిట్స్ మందులు వాడే పిల్లల్లో విటమిన్ డి తగ్గి ఎముకలు పెళుసుబారతాయి. పిండికట్టు విప్పిన వారానికే తొడ ఎముక విరిగిన కేసులు ఎదురయ్యేది అందుకే. సర్జరీకి ముందే డి, కాల్షియం చూసుకోవాలి, కట్టును వీలైనంత త్వరగా తీయాలి.

ఆపరేషన్ తర్వాత మొదటి 6 నెలలు పిల్లాడు ముందుకంటే బలహీనంగా ఉంటాడు, పూర్తి ఫలితం కనబడటానికి ఏడాది పైనే పడుతుంది. నల్గొండ, మహబూబ్‌నగర్‌ల నుంచి వచ్చే ఇంటికి అసలు ఖర్చు అక్కడే. అనుభవమున్న సర్జన్ రోజూ వ్యాయామం చేయించే మనిషి ఆ ఊరి దగ్గర దొరుకుతారా అని ముందు కనుక్కుంటాడు, దొరికేదాకా ఆపరేషన్ తేదీ వేయడు.