ఆగి ఉన్న వ్యాగన్‌ని నమ్మకండి: షంటింగ్‌లో అపోహలు - వాస్తవాలు

రైల్వే యార్డులో షంటింగ్ పనికి, అంటే వ్యాగన్లను విడదీసి, కలిపి, లైన్లు మార్చే పనికి కొత్తగా ఎవరొచ్చినా కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. పాతవాళ్లలోనూ కొందరివి ఇవే మాటలు, అదే నాకు టెన్షన్.

అపోహ: ఎయిర్ బ్రేకు పడింది కదా, ఇక కదలదు.

వాస్తవం: ఎందుకు కదలదు? బండి పొడవునా ఉండే పైపులో ప్రెషర్ పోతే బ్రేకు పడుతుంది, నిజమే. కానీ ఆ పట్టు బ్రేక్ సిలిండర్‌లో గాలి ఉన్నంతసేపే, ఆ గాలేమో మెల్లగా కారిపోతూ ఉంటుంది, చివరికి బ్రేకు తనంతట తానే వదిలేస్తుంది. గంటల తరబడి బండిని నిలిపి ఉంచాల్సింది హ్యాండ్ బ్రేకులు, చక్రాల కింద పెట్టే స్కిడ్లు. 2013 జూలైలో కెనడాలోని లాక్-మెగాంటిక్‌లో జరిగింది చూడండి. 72 క్రూడాయిల్ ట్యాంకర్ల బండిని రాత్రి వాలు మీద నిలిపి 7 హ్యాండ్ బ్రేకులే వేశారు, అవి ఆపుతున్నాయో లేదో చూసేటప్పుడు ఇంజిన్ బ్రేకు తీయలేదు. ఆ తర్వాత ఇంజిన్‌లో మంటలొస్తే ఆర్పి దాన్ని ఆపేశారు, దాంతో గాలి నింపేది లేక ఉన్నది కారిపోయింది, బండి ఊళ్లోకి జారింది. 47 మంది చనిపోయారు.

అపోహ: లైను చదునుగానే ఉంది.

మీ కంటికి ఉంది. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద ఎంత తేలిగ్గా దొర్లుతుందంటే, 400 మీటర్లకు 1 మీటరు వాలున్నా రోలర్ బేరింగ్ వ్యాగన్ కదిలిపోవచ్చు. ఒకసారి కదిలాక మనిషి బలంతో ఆపడమన్న మాటే లేదు, పక్కకు తప్పుకుని అరవడమే.

చేతి సిగ్నల్ ఇచ్చే మనిషి కనపడకపోతే "ఇంకా రమ్మంటున్నాడేమో" అనుకునే డ్రైవర్లూ ఉన్నారు. కనపడలేదంటే ఆపాలి, అంతే.

అపోహ: 'టక్'మని చప్పుడైంది, కప్లింగ్ (బళ్లను కలిపే కొక్కెం) పడింది.

వాస్తవం: చప్పుడుదేముంది, లాక్ పూర్తిగా దిగకపోయినా వస్తుంది. బండి ఆగాక లాక్‌ని కళ్లతో చూడాలి, తర్వాత ఇంజిన్‌తో కొంచెం లాగించి చూడాలి, అప్పటిదాకా హ్యాండ్ బ్రేకులు విప్పకూడదు. నేను చేరిన కొత్తలో చప్పుడు విని చెయ్యి ఊపేశాను. ఇంజిన్ వెళ్లిపోయింది, నా వ్యాగన్లు అక్కడే ఉన్నాయి. బ్రేకులు విప్పడం బద్ధకించి తర్వాత చేద్దామనుకున్నాను కాబట్టి అక్కడైనా ఉన్నాయి.