కాల్షీటు లెక్క: మద్రాసు స్టూడియోల నుంచి కృష్ణానగర్ దాకా

హైదరాబాద్‌లో సినీ కార్మికులుండే కృష్ణానగర్‌లో తెల్లవారకముందే రోజు మొదలవుతుంది. నాలుగున్నర, ఐదయ్యేసరికి టీ బళ్ల దగ్గర లైట్‌మెన్, సెట్ బాయ్‌లు, ప్రొడక్షన్ బాయ్‌లు, జూనియర్ ఆర్టిస్టులు గుంపులుగా నిలబడి ఉంటారు. ఎవరి బండి వస్తే వాళ్లు ఎక్కి వెళ్లిపోతారు. 2025 ఆగస్టు 4 నుంచి ఆ సందడి ఆగిపోయింది. వేతనాలు 30 శాతం పెంచాలంటూ తెలుగు ఫిల్మ్ ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్ సమ్మెకు దిగింది. 18 రోజులకు, ఆగస్టు 21 రాత్రి, కార్మిక శాఖ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది.

రాజీ ఇది. రోజుకు 2,000 రూపాయల లోపు తీసుకునేవాళ్లకు మూడేళ్లలో మొత్తం 22.5 శాతం పెంపు: మొదటి ఏడాది 15, రెండో ఏడాది 2.5, మూడో ఏడాది 5. రెండు వేల నుంచి ఐదు వేల మధ్య ఉన్నవాళ్లకు 7.5, 5, 5. రోజుకు వెయ్యి వచ్చే మనిషికి మొదటి ఏడాది చేతికి అదనంగా వచ్చేది 150 రూపాయలు.

ఈ శాతాల గురించి టీవీల్లో చాలా చర్చ జరిగింది. అసలు వీళ్లు రోజు లెక్కన బతికే మనుషులు ఎందుకయ్యారన్న సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. వందల కోట్ల సినిమాలు తీస్తున్న ఊళ్లో లైటు మోసే మనిషికి నెల జీతం లేదు, రేపు పని ఉంటుందన్న భరోసా లేదు. అది తెలియాలంటే కథ మద్రాసు నుంచి ఎత్తుకోవాలి.

నిజానికి హైదరాబాద్‌లో సినిమా నిర్మాణం మద్రాసు నుంచి వచ్చిందేమీ కాదు. 1922లోనే ధీరేన్ గంగూలీ అనే బెంగాలీ దర్శకుడు నిజాం ఆదరణతో ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. రజియా బేగం కథతో వచ్చిన చిత్రాన్ని ప్రదర్శించినందుకు నిజాం ఆగ్రహించడంతో 1924లో ఊరు విడిచి పోవాల్సి వచ్చింది. దానితో ఆ తొలి ప్రయత్నం ముగిసిపోయింది. కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ లాంటి వాళ్లు నటన కోసం బొంబాయి దారి పట్టారు. కోస్తా వాళ్లకు దగ్గరి నగరం మద్రాసు. 1936లో రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ కట్టినా, తెలుగు సినిమా మద్రాసులోనే స్థిరపడింది.

ఆ మద్రాసు పద్ధతి ఈ తరానికి తెలియదు. 1940లో ఎస్.ఎస్. వాసన్ పెట్టిన జెమినీ, ఆ తర్వాత బి.ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డిల వాహిని, ఇవన్నీ కర్మాగారాల్లా నడిచిన సంస్థలు. వడ్రంగి, పెయింటరు, అచ్చులు పోసేవాడు, కరెంటు పనివాడు, దర్జీ, ల్యాబు మనిషి, అందరి పేర్లూ స్టూడియో జీతాల పుస్తకంలో ఉండేవి. విజయా సంస్థలో హీరోలు కూడా నెల జీతం మీద పనిచేసిన కాలం అది. ఒక సినిమా అయిపోయినా మర్నాడు పొద్దున స్టూడియోకు వెళ్తే ఏదో ఒక పని ఉండేది, నెలాఖరుకు జీతం అందేది.

క్రమంగా అది చెదిరిపోయింది. స్టూడియోలు సొంతంగా సినిమాలు తీయడం తగ్గించి ఫ్లోర్లు అద్దెకివ్వడం మొదలుపెట్టాయి. తేలికపాటి కెమెరాలు వచ్చాక షూటింగు అవుట్‌డోర్‌కు నడిచింది. కెమెరా, లైట్లు, జనరేటరు అద్దెకిచ్చే యూనిట్లు పుట్టాయి. నిర్మాతకు మనిషి కావాల్సింది షూటింగున్న రోజులకే. మిగతా రోజులు అతని ఇల్లు ఎలా గడవాలన్నది ఎవరి బాధ్యతా కాకుండా పోయింది. అలా జీతాల పుస్తకంలోని పేరు కాల్షీటు, అంటే ఒక షిఫ్టు పనికి పిలుపు, కాగితం మీదికి మారింది. జీతం లేనప్పుడు రేటు కావాలి. పనివాడు ఒక్కడే నిలబడి రేటు అడగలేడు గనుక ప్రతి శాఖకూ ఒక యూనియన్, వాటన్నిటికీ కలిపి ఒక ఫెడరేషన్ వచ్చాయి. మద్రాసులో ఆ పని దక్షిణ భారత సినీ ఉద్యోగుల సమాఖ్య ఫెఫ్సీ చేసింది. శాఖలవారీ రేట్లు, వాటిని గడువు తీరగానే పెంచుకోవడం, బేటా (రోజు ఖర్చుల భత్యం), డబుల్ కాల్షీటు (ఒకే రోజు రెండు షిఫ్టుల లెక్క) లాంటి మాటలన్నీ ఆ పద్ధతిలోంచి వచ్చినవే.

హైదరాబాద్ పరిశ్రమ సరిగ్గా ఈ మార్పు జరుగుతున్న రోజుల్లో ఎదిగింది. నా దృష్టిలో ఇక్కడి కార్మికుడి కష్టానికి మూలం ఇదే.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. చల్లపల్లి రాజా కుటుంబం అమీర్‌పేట పక్కన ఎల్లారెడ్డిగూడలో సారథి స్టూడియో కట్టించింది. స్టూడియో ఉన్నా చాలాకాలం పని అంతంత మాత్రమే. ల్యాబు మద్రాసులో, రికార్డింగు మద్రాసులో, చెయ్యి తిరిగిన పనివాళ్లూ మద్రాసులోనే. ఇక్కడ సినిమా తీయాలంటే లైట్‌మన్ నుంచి మేకప్‌మన్ దాకా రైలెక్కించి తేవాలి, బస చూపించాలి, బేటా ఇవ్వాలి. అక్కినేని నాగేశ్వరరావు హైదరాబాద్‌లో స్థిరపడి, ఇక్కడ తీస్తేనే చేస్తానని పట్టుబట్టాక పరిస్థితి కొంత మారింది. ప్రభుత్వం రాష్ట్రంలో తీసే సినిమాలకు రాయితీలు ఇచ్చింది, 1975లో ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టింది. 1976 జనవరి 14న బంజారాహిల్స్‌లో 22 ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియోస్‌ను రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించారు. అదే కాలంలో నాచారంలో ఎన్టీఆర్ రామకృష్ణా సినీ స్టూడియోస్, తర్వాత కృష్ణ పద్మాలయ, డి. రామానాయుడు స్టూడియో, 1996లో ఊరి శివార్లలో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చాయి. రామోజీ ఫిల్మ్ సిటీ విస్తీర్ణం 1,666 ఎకరాలు, ప్రపంచంలో అతి పెద్దదని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

ఈ క్రమంలో స్టూడియో కట్టేవాళ్లకు భూమి దొరికింది, నిర్మాతకు రాయితీ దొరికింది. ఆ కొండరాళ్ల మీద డబ్బు పెట్టడానికి గుండె ధైర్యం కావాలి, వాళ్ల శ్రమను తక్కువ చేయలేం. కానీ వాళ్ల వెంట వచ్చిన పనివాళ్ల మాటేమిటి? అప్పటికి ఫ్లోర్ల అద్దె కాలం వచ్చేసింది. హైదరాబాద్ స్టూడియోల్లో ఎక్కువ భాగం మొదటి నుంచీ అద్దెకిచ్చే చోట్లే. మద్రాసు కార్మికుడికి నెల జీతం పోయింది. హైదరాబాద్ కార్మికుడికి అది రానేలేదు.

కృష్ణానగర్ కృష్ణానగర్ అయింది కూడా అందుకే. పటం ముందు పెట్టుకుని చూడండి. ఒక పక్క ఎల్లారెడ్డిగూడ సారథి, మరో పక్క అన్నపూర్ణ, పైన జూబ్లీహిల్స్‌లో పద్మాలయ, రామానాయుడు. వీటి మధ్య పల్లంలో కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ. అద్దెలు తక్కువ, బస్సు దొరక్కపోయినా నడిచిపోవచ్చు. పిలిచిన అరగంటలో రాగలిగే చోట ఉండడమే రోజు కూలీకి పెట్టుబడి. ఇందిరానగర్ గణపతి కాంప్లెక్స్ దగ్గర నిలబడితే పని కబురు తెలిసిపోయేది. మద్రాసు నుంచి వచ్చినవాళ్లు, కోస్తా పల్లెల నుంచి, నల్గొండ, మహబూబ్‌నగర్ నుంచి వచ్చినవాళ్లు అందరూ ఈ గల్లీల్లోనే గది తీసుకున్నారు.

ఆ వైపు నేను అద్దెకున్న రోజుల్లో పక్క గదిలో ఒక లైట్‌మన్ అన్న ఉండేవాడు. రాత్రి ఎంత పొద్దుపోయి వచ్చినా పాత డైరీ తీసి రాసుకునేవాడు: తేదీ, ఏ యూనిట్, ఎన్ని గంటలు, డబులా సింగిలా, డబ్బులొచ్చాయా బాకీయా. ఎందుకన్నా అని అడిగితే, ‘నేను పని చేసినట్టు ఇంకెక్కడా లేదు తమ్ముడూ’ అన్నాడు. జీతం చీటీ లేదు, నియామక పత్రం లేదు. బ్యాంకు వాళ్లు అడిగితే చూపించడానికి అతని దగ్గర ఉన్నది యూనియన్ కార్డు ఒక్కటే.

ఆ కార్డు చుట్టూనే సమ్మెలో పెద్ద గొడవ నడిచింది. యూనియన్ సభ్యులు కానివాళ్లతోనైనా పని చేయించుకుంటామని నిర్మాతలు ప్రకటించారు. కార్డుకు లక్షలు అడుగుతున్నారని, కొత్తవాళ్లను రానివ్వడం లేదని, అవసరానికి మించి మనుషుల్ని పెట్టుకోమంటున్నారని వాళ్ల ఫిర్యాదు. ఇందులో నిజం లేదని కొట్టిపారేయలేను. కార్డు తలుపు మూసేసే పనిముట్టుగా మారిన సందర్భాలు దేశంలో ఉన్నాయి. ముంబయిలో మేకప్ కళాకారుల సంఘం ఆడవాళ్లకు హెయిర్ డ్రెస్సర్ కార్డే తప్ప మేకప్ కార్డు ఇచ్చేది కాదు. చారు ఖురానా కోర్టుకెక్కితే 2014 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. యూనియన్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అయితే కార్డు తీసేస్తే పనివాడికి మిగిలేదేమిటి? ఆ డైరీ ఒక్కటే. జీతం చీటీ, ప్రావిడెంట్ ఫండ్ ఇచ్చాక కార్డు ఎందుకని అడిగితే అందులో న్యాయం ఉంటుంది.

కార్మికులకు గూడు కావాలని గట్టిగా తిరిగిన మనిషి డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి. వైద్యం చదివి నటుడైన ఈ తుంగతుర్తి బిడ్డ సినీ కార్మికుల ఇళ్ల స్థలం కోసం ప్రభుత్వాల చుట్టూ తిరిగారు. మణికొండలో 67 ఎకరాల చిత్రపురి కాలనీ ఆయన పేరు మీదే ఉంది. 1997లో పోయారు, పూర్తయిన కాలనీని చూడలేదు. స్థలం చేతికొచ్చి ఇళ్లు లేచేసరికి ఏళ్లకేళ్లు పట్టింది, కేటాయింపుల మీద ఆరోపణలూ వచ్చాయి. అయినా వేల కుటుంబాలకు అదే ఆసరా. పక్కనే ఐటీ కంపెనీలు లేచి భూమి ధర ఆకాశాన్నంటిన చోట ఒక లైట్‌మన్‌కు సొంత తలుపు ఉండడం చిన్న విషయం కాదు.

రోజు కూలి అంటే ఏమిటో 2020 మార్చిలో అందరికీ తెలిసింది. కరోనాతో షూటింగులు ఆగిన కొద్ది రోజులకే ఇళ్లలో బియ్యం నిండుకున్నాయి. చిరంజీవి ముందుండి కరోనా క్రైసిస్ ఛారిటీ పెట్టి సరుకులు పంచారు. చాలామంది నటులు, దర్శకులు మనస్ఫూర్తిగా ఇచ్చారు. ఆ సరుకులు ఎన్నో కడుపులు నింపాయి. కానీ ఒక పరిశ్రమ పనివాళ్లు మూడు వారాలు పని లేకపోతే దానం కోసం చూడాల్సి రావడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

2022 జూన్ సమ్మె ఆ తర్వాతదే. కరోనాలో ఆగిపోయిన పెంపు కోసం కార్మికులు పని మానేశారు, 30 శాతం పెంపుతో మూడేళ్ల ఒప్పందం కుదిరింది. అది 2025 జూన్ నెలాఖరుతో ముగియడం, కొత్త రేటు తేలకపోవడం వల్లనే ఆగస్టు సమ్మె. అంటే ఇది హఠాత్తుగా లేచిన గొడవ కాదు. తేదీ మూడేళ్ల ముందే అందరికీ తెలుసు. ఓటీటీల రేట్లు పడిపోయాయి, హాళ్లకు జనం తగ్గారు, ఇతర నగరాలకంటే ఇక్కడ కూలి ఎక్కువ అన్నది నిర్మాతల వాదన. చిన్న నిర్మాత నిజంగానే నలిగిపోతున్నాడు. కానీ బడ్జెట్ పెరిగిందంటే అందులో పెద్ద వాటా తారల పారితోషికాలది. కోత మాత్రం ముందు కాల్షీటు దగ్గరే మొదలవుతోంది. శాతాలు తేలినా, పని గంటలు, సెలవు రోజు కూలి లాంటి సంగతులు ఇంకా మాట్లాడుకోవాల్సిన జాబితాలోనే మిగిలాయి. అక్టోబరు 28న యూసుఫ్‌గూడలో కార్మికుల సభలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, టికెట్ ధరలు పెంచుకుంటే ఆ అదనపు ఆదాయంలో 20 శాతం కార్మికుల సంక్షేమానికి ఇవ్వాలని, లేదంటే పెంపు జీవోలు ఉండవని చెప్పారు. టికెట్ పెంపుకూ కార్మికుడికీ లంకె పెట్టడం మంచి ఆలోచన.

చట్టం లేకపోలేదు. సినీ కార్మికుల ఉపాధి నియంత్రణ చట్టం 1981లోనే వచ్చింది. రాతపూర్వక ఒప్పందం లేకుండా పనిలో పెట్టుకోకూడదని అది స్పష్టంగా చెప్పింది. నలభై ఏళ్లు దాటినా కృష్ణానగర్‌లో ఆ కాగితం చూసినవాళ్లు నాకు తారసపడలేదు. పైగా ఆ చట్టం ఫీచర్ ఫిల్మ్‌లకు మాత్రమే. సీరియళ్లు, వెబ్ సిరీస్‌లు, ప్రకటనలు, యూట్యూబ్ ఛానళ్ల వీడియోలు అప్పటికి లేవు, లేదా లెక్కలోకి రాలేదు. ఈరోజు హైదరాబాద్‌లో కెమెరా పట్టే కుర్రాళ్లలో ఎంతోమంది సినిమా గడప తొక్కకుండా ఈ వీడియో పనుల మీదే బతుకుతున్నారు. వాళ్లకు కార్డు లేదు, ఫెడరేషన్ రేటు లేదు, కాల్షీటన్న మాటే లేదు. పదహారు గంటలు పనిచేసి, ఎడిటింగు కూడా చేసిచ్చి, డబ్బుల కోసం నెలల తరబడి ఫోన్లు చేసే పిల్లలు నాకు తెలుసు.

2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఆ పాత చట్టం కలిసిపోయింది. 2025 నవంబరు 21న అది అమల్లోకి వచ్చింది. అందులో ‘సినీ కార్మికుడు’ స్థానంలో దృశ్య శ్రవణ కార్మికుడు వచ్చాడు. ప్రకటనలు, యానిమేషన్, డిజిటల్ నిర్మాణాలు, డబ్బింగ్ కళాకారులు, స్టంట్ మనుషులు, అందరూ ఆ నిర్వచనం కిందికి వస్తారు. ఇక్కడ కూడా రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. ఆ ఒప్పందాల కోసం ఇప్పుడు అడగాల్సింది ఫెడరేషన్, నిర్మాతల తరఫున వినాల్సింది ఫిల్మ్ ఛాంబర్, రాయించాల్సింది కార్మిక శాఖ. ఆగస్టు రాజీ గడువు తీరేది 2028లో.